ఈజీఎఫ్ఆర్ కుటుంబం జన్యువులు నాలుగు క్రోమోజోముల మీద ఎందుకున్నాయి? వాటి చోటు ఎలా తెలిసింది?

భీమవరంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సెమినార్‌కి ఈజీఎఫ్ఆర్ కుటుంబం ఇచ్చారు. నాలుగు జన్యువులూ ఒకే పోలికతో ఉంటాయట. కానీ ఈజీఎఫ్ఆర్ 7వ క్రోమోజోమ్ మీద, ఈఆర్‌బీబీ2 17 మీద, ఈఆర్‌బీబీ3 12 మీద, ఈఆర్‌బీబీ4 2 మీద ఉన్నాయి. ఒకే కుటుంబమైతే ఒక్కచోట ఎందుకు లేవు? జీనోమ్ సీక్వెన్స్ రాకముందే వీటి చోటు ఎలా కనిపెట్టారు? ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం లేదా? ఇప్పుడు డేటాబేస్‌లో సెకనులో దొరికేదాని గురించి ఇంత చదవాలా? ఇంకోటి, వానాకాలం ప్రాక్టికల్స్‌లో మా స్లైడ్ల మీద క్రోమోజోములు ఏ కణానివో తెలియకుండా చెదిరిపోతున్నాయి, ఏం చేయాలి?"

నేను హైదరాబాద్‌లో క్రోమోజోముల ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. మీ ప్రశ్నలన్నిట్లోకి మూడోది అసలైనది. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం ఉంది, చాలా ఉంది. ఒంటరి జన్యువు చోటు కనుక్కోవడం ఒక పని. పోలికలున్న నాలుగింటిలో "ఇది ఫలానాదే" అని రుజువు చేసి మరీ చోటు చెప్పడం ఇంకో పని. ఆ రెండో పని ఎలా జరిగిందో అర్థమైతే మిగతా ప్రశ్నలకి జవాబు దానంతట అదే వస్తుంది.

ముందు ఈ ప్రొటీన్ల పనేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఈజీఎఫ్ఆర్ అంటే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్. కణం పైపొరలో నాటుకుని, బయటినుంచి వచ్చే "పెరుగు, విభజన మొదలుపెట్టు" అనే సంకేతాన్ని లోపలికి అందించే రిసెప్టర్లు ఇవి. బయటి భాగానికి గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి అతుక్కుంటే రెండు రిసెప్టర్లు జతకడతాయి, లోపలి టైరోసిన్ కైనేజ్ భాగం, అంటే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ భాగం, పని మొదలుపెడుతుంది. ఈఆర్‌బీబీ2కి తనకంటూ అతుక్కునే గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ లేదు. ఈఆర్‌బీబీ3 కైనేజ్ బాగా బలహీనం. కానీ ఈ రెండూ జతకడితే ఆ కుటుంబంలోకెల్లా బలమైన సంకేతం వస్తుంది. జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నా, వాటి ప్రొటీన్లు కణం పొర మీద కలిసే పనిచేస్తాయి. జన్యువు ఎక్కడుందన్నదీ, ప్రొటీన్ ఎక్కడ పనిచేస్తుందన్నదీ వేరువేరు విషయాలు. సెమినార్‌లో చాలామంది ఇక్కడే తికమకపడతారు.

ఇక పాత పద్ధతులు. 1967లో మేరీ వైస్, హోవార్డ్ గ్రీన్ మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపి ఒకే సంకర కణంగా పెంచారు. అలాంటి సంకర కణాలు విభజన చెందుతూ పోయే కొద్దీ మనిషి క్రోమోజోముల్ని ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటాయి. ఎలుకవి మాత్రం నిలుస్తాయి. ఏవి పోతాయన్నది చాలావరకు యాదృచ్ఛికం. అంటే ఒక క్లోన్‌లో, అదే ఒక్క సంకర కణంనుంచి పెరిగిన కణాల గుంపులో, మనిషివి 3, 7, 12, 17 మిగిలితే, ఇంకోదాంట్లో 2, 7, 21 మిగలొచ్చు. ఇలాంటి క్లోన్లు కొన్ని పెట్టుకుని, ఏ క్లోన్లలో మన జన్యువు ఉంది, ఏ క్లోన్లలో లేదు అని పట్టిక వేస్తాం. ఆ ఉండటం, లేకపోవడం ఏ క్రోమోజోమ్‌తో తు.చ. తప్పకుండా కలిసి నడుస్తుందో, జన్యువు దాని మీదే ఉన్నట్టు. ఒక్కో క్లోన్ ఇచ్చేది ఉంది లేదా లేదు అన్న జవాబు కాబట్టి, లెక్క ప్రకారం బాగా ఎంచుకున్న 5 క్లోన్లతో 32 కలయికలు వస్తాయి, మనిషికున్న 24 రకాల క్రోమోజోములకి అవి చాలు. కానీ క్లోన్లో క్రోమోజోములు విరుగుతాయి, కొన్ని కణాల్లో ఉండి కొన్నింట్లో పోతాయి, అందుకే పనిలో ఇంకా ఎక్కువ క్లోన్లు వాడేవారు.

జన్యువు ఉందో లేదో ఎలా చూస్తారు? 1975లో ఎడ్విన్ సదరన్ పద్ధతి వచ్చింది. క్లోన్ డీఎన్ఏని ఒక ఎంజైమ్‌తో ముక్కలు చేసి, జెల్ మీద పరిమాణం ప్రకారం విడదీసి, పొర మీదికి ఎక్కించి, రేడియో గుర్తు వేసిన ప్రోబ్‌ని, అంటే మనం వెతికే జన్యువు డీఎన్ఏ ముక్కని, దాని మీద వదులుతారు. ప్రోబ్ తన జతని వెతుక్కుని అతుక్కుంటుంది, ఫిల్మ్ మీద గీత పడుతుంది. మనిషి జన్యువు గీతా, ఎలుక జన్యువు గీతా సాధారణంగా వేర్వేరు పరిమాణాల్లో ఉంటాయి కాబట్టి విడిగా గుర్తుపట్టొచ్చు.

చిక్కు ఇక్కడే వస్తుంది. కైనేజ్ భాగం నాలుగింట్లోనూ చాలా దగ్గర పోలికతో ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ కోసం వేసిన ప్రోబ్ ఈఆర్‌బీబీ2కి కూడా కాస్త అతుక్కుంటుంది. అప్పుడు ఫిల్మ్ మీద కనిపించే గీత ఎవరిది?

దీనికి మూడు ఉపాయాలున్నాయి. ఒకటి, కడగడం. ఉప్పు తక్కువగా, వేడి ఎక్కువగా ఉన్న ద్రావణంతో కడిగితే కొంచెం తేడా ఉన్న జతలు ఊడిపోతాయి, అచ్చంగా సరిపోయినవే మిగులుతాయి. ఉప్పు పెంచి వేడి తగ్గిస్తే దూరపు బంధువులు కూడా నిలుస్తాయి. రెండోది, ప్రోబ్‌ని ప్రొటీన్ తయారుచేసే భాగంనుంచి తీసుకోకుండా, జన్యువు చివర ప్రొటీన్‌గా మారని భాగంనుంచి తీసుకోవడం. ప్రొటీన్ పనికి కావలసిన అక్షరాలు మారకుండా ఉంటాయి, ఆ చివరి భాగం మాత్రం కాలక్రమంలో ఎవరిది వాళ్లకి మారిపోయి ఉంటుంది. కాబట్టి అది ఆ ఒక్క జన్యువుకే గుర్తు.

మూడో ఉపాయం నాకు అన్నింటికంటే నచ్చినది. కావాలనే మెత్తగా కడిగి గీతలన్నీ కనిపించనివ్వడం, ఆ తర్వాత ఒక్కో గీతకీ విడిగా పట్టిక వేయడం. ఒక గీత 7తో నడుస్తుంది, ఇంకోటి 17తో నడుస్తుంది. ప్రోబ్ ఒక్కటే, క్లోన్లు అవే, కానీ బంధువులన్నిటి చోట్లూ ఒకేసారి బయటపడతాయి. ఏ పోలిక మనల్ని తప్పుదారి పట్టిస్తుందని భయపడ్డామో అదే మనకి పనిచేసిపెడుతుంది.

దీనికి మీ కుటుంబంలోనే చక్కటి కథ ఉంది. 1984లో కోళ్లలో ఒకరకం రక్త క్యాన్సర్ తెచ్చే వైరస్‌లోని ఈఆర్‌బీబీ జన్యువుకీ, మనిషి ఈజీఎఫ్ రిసెప్టర్‌కీ దగ్గర పోలిక ఉందని తేలింది. అంతకుముందే ఎలుక నరాల కణితుల్లోంచి "న్యూ" అనే క్యాన్సర్ జన్యువు దొరికి ఉంది, దానికీ ఈఆర్‌బీబీకీ పోలిక ఉంది. మరి "న్యూ" అంటే పాడైపోయిన ఈజీఎఫ్ఆరేనా, వేరే జన్యువా? దీన్ని తేల్చడంలో క్రోమోజోమ్ చిరునామా గట్టి సాక్ష్యమైంది. ఈజీఎఫ్ఆర్ 7 మీద ఉంది, "న్యూ"కి మనిషిలో సరిసమానమైనది 17 మీద ఉంది. ఒకే జన్యువు రెండు క్రోమోజోముల మీద ఉండదు కాబట్టి ఇవి రెండు జన్యువులు. 1985లో ఇది ప్రచురితమైంది. అదే ఏడాది మనిషి జన్యువుల వైపునుంచి వెళ్లిన వాళ్లకి రొమ్ము క్యాన్సర్ కణాల్లో, ఈజీఎఫ్ఆర్ కాని, దానికి దగ్గరి చుట్టమైన ఒక జన్యువు ఎక్కువ కాపీలతో కనిపించింది. ఈఆర్‌బీబీ2, హెర్2, న్యూ అన్న మూడు పేర్లూ ఒక్కదానివే అయ్యాయి. ఇక్కడ చోటు తెలియడం అంటే అట్లాసులో ఒక చుక్క పెట్టడం ఎంతమాత్రం కాదు, ఇదొక కొత్త జన్యువు అని చెప్పడానికి ఆధారం. ఈఆర్‌బీబీ3 1989లో, ఈఆర్‌బీబీ4 1993లో ఆ పోలిక పట్టుకుని వెతికితేనే దొరికాయి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది, సెమినార్‌లో చెప్తే మీ మేష్టార్లు సంతోషిస్తారు. కణం లోపల పెరుగుదల సంకేతాన్ని మోసే రాస్ ప్రొటీన్ల జన్యు కుటుంబం తీసుకోండి. హెచ్‌రాస్ 11 మీద, కేరాస్ 12 మీద, ఎన్‌రాస్ 1 మీద ఉన్నాయి. కానీ కేరాస్ ప్రోబ్ వేస్తే 6 మీద కూడా గుర్తు వస్తుంది. అక్కడున్నది పనిచేయని నకలు. ఎప్పుడో ఆర్ఎన్ఏ తిరిగి డీఎన్ఏగా మారి 6 మీద అతుక్కుపోయింది, అందుకే దాంట్లో ఇంట్రాన్లు, అంటే ఆర్ఎన్ఏ తయారయ్యేటప్పుడు కత్తిరించేసే మధ్య భాగాలు, లేవు. పాత పేపర్లలో కేరాస్1, కేరాస్2 అని చదివితే కంగారుపడకండి, అసలైనది 2, నకలు 1.

జన్యువు క్రోమోజోమ్ మీద ఏ పట్టీ (రంగు వేస్తే కనిపించే అడ్డచార) దగ్గరుందో చూడటానికి స్లైడ్ మీదే ప్రోబ్ వేసే పద్ధతి వచ్చింది. మొదట్లో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తు వేసి, ఫొటో ఎమల్షన్ పూసి, రోజులు వారాలు చీకట్లో ఉంచి, ఏ క్రోమోజోమ్ మీద ఎన్ని వెండి రేణువులు పడ్డాయో లెక్కపెట్టేవారు. ఒక్క కణం చూసి ఏమీ చెప్పలేం, ఎన్నో కణాల్లో లెక్కపెడితే ఒకచోట కుప్ప తేలుతుంది. ఇంకోచోట చిన్న కుప్ప తేలితే, అది బంధువైనా కావచ్చు, నకలైనా కావచ్చు. 1980ల్లో రంగుకాంతి ప్రోబ్‌లు, అంటే ఫిష్, వచ్చాక ఈ కష్టం తగ్గింది. ఫిష్‌లో లక్ష అక్షరాలకి పైబడిన పెద్ద జీనోమ్ ముక్కని ప్రోబ్‌గా వాడతాం. దాంట్లో బంధువులతో కలిసే ఎక్సాన్లు, అంటే కత్తిరింపు తర్వాత ఆర్ఎన్ఏలో మిగిలే భాగాలు, కొద్దిపాటివే, మిగతా ఇంట్రాన్లు ఎవరివి వాళ్లవే. అందుకే పొడవాటి ప్రోబ్ అసలు చోటే వెలిగిస్తుంది. అన్నిచోట్లా ఉండే పునరావృత భాగాల్ని మాత్రం ముందే కాట్-1 డీఎన్ఏతో, అంటే గుర్తు వేయని పునరావృత డీఎన్ఏతో, మూసేయాలి.

స్లైడ్ల మాట వచ్చింది కాబట్టి మీ ప్రాక్టికల్స్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మీ టెక్నిక్‌లో తప్పు ఉండకపోవచ్చు, తప్పు గాలిది. కణాల్ని చెడకుండా నిలిపే మెథనాల్, అసిటిక్ ఆమ్లం 3:1 ద్రావణం, అంటే ఫిక్సేటివ్, ఆరే వేగమే క్రోమోజోములు ఎంత విచ్చుకోవాలో నిర్ణయిస్తుంది. మన డెల్టాలో ఆషాఢం, శ్రావణంలో గాలి నిండా తేమ. ఫిక్సేటివ్ నెమ్మదిగా ఆరుతుంది, కణం మరీ విచ్చుకుని పగిలిపోతుంది, పక్క కణం క్రోమోజోములతో కలిసిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో దీనికి వ్యతిరేకం, ఇట్టే ఆరిపోయి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. గదిలో తేమ సుమారు 50 శాతం దగ్గర ఉంటే పని బాగుంటుంది. వానాకాలం ఏసీ ఉన్న గదిలో వేయండి, చుక్క వేసిన వెంటనే స్లైడ్‌ని గోరువెచ్చని హాట్‌ప్లేట్ మీద పెట్టండి. ఎండాకాలం అయితే చుక్క వేశాక ఒక్క క్షణం వేడినీటి ఆవిరి మీద పట్టండి. ఎంత ఎత్తునుంచి వదలాలన్న దాని గురించి అంత పట్టుదల అక్కర్లేదు. పొటాషియం క్లోరైడ్ 0.075 మోలార్ ఉందో లేదో, ఫిక్సేటివ్ ఆ రోజు కలిపినదేనో కాదో చూసుకోండి. రెండురోజుల నాటి ఫిక్సేటివ్ తేమ పీల్చేసుకుని ఉంటుంది, మన ఊళ్లలో మరీను.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఒక్కచోట ఎందుకు లేవని. జన్యువు రెండు కావడానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, క్రోమోజోములు జతకట్టేటప్పుడు అసమానంగా మార్పిడి జరిగి, పక్కనే ఇంకో కాపీ ఏర్పడటం. రెండోది, జీనోమ్ మొత్తం ఒకేసారి రెట్టింపు కావడం. మన కోనసీమలో ఒకే ఇంటిపేరు వాళ్లు ఒకే వీధిలో వరసగా ఉన్నారంటే అన్నదమ్ములు స్థలం పంచుకున్నారని అర్థం, అదే ఇంటిపేరు నాలుగు ఊళ్లలో ఉందంటే ఎప్పుడో కుటుంబాలు విడిపోయి తరలివెళ్లాయని అర్థం. జన్యువుల చిరునామా చూసినా దాయాదుల చరిత్ర అలాగే తెలుస్తుంది.

మొదటి రకానికి సంకేతాల ప్రొటీన్లలోనే మంచి ఉదాహరణ 5వ క్రోమోజోమ్ పొడుగు చేతిలో (సెంట్రోమియర్ అనే నడుముకి పొడవుగా ఉన్న వైపు) 31వ పట్టీ. ఇంటర్‌ల్యూకిన్ 3, 4, 5, 13, జీఎం-సీఎస్ఎఫ్ అన్నీ అక్కడే దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా జన్యువులు 9 పొట్టి చేతిలో గుంపుగా ఉన్నాయి. మన పొలాల్లోనూ ఉందీ రకం. వరి 9వ క్రోమోజోమ్ మీద సబ్1 అనే చోట, ఇథిలీన్ సంకేతానికి స్పందించే ఒకే కుటుంబం జన్యువులు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో సబ్1ఏ ఉన్న ఒడిశా రకం ఎఫ్ఆర్13ఏ వరద నీట మునిగినా బతుకుతుంది. చాలా రకాల్లో సబ్1ఏ అసలు ఉండదు. దాని చోటు కచ్చితంగా తెలిసింది కాబట్టే, ఆ కొద్ది ముక్కని మాత్రమే మన మార్టేరు స్వర్ణలోకి, అంటే ఎంటీయూ 7029లోకి, సంకరంతో తెచ్చి స్వర్ణ-సబ్1 తయారుచేశారు. సార్వా చేలు ములిగే ఊళ్ల వాళ్లకి జన్యువు చోటు తెలియడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పలేను.

మీ ఈజీఎఫ్ఆర్ కుటుంబం రెండో రకం. అవి చెల్లాచెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, ఆ నాలుగు నంబర్లని ఇంకోసారి చూడండి: 7, 17, 12, 2. పిండంలో శరీరం ముందూ వెనకల్ని నిర్ణయించే హాక్స్ జన్యువుల గుంపులు మనిషిలో నాలుగు. హాక్స్-ఏ 7 మీద, హాక్స్-బీ 17 మీద, హాక్స్-సీ 12 మీద, హాక్స్-డీ 2 మీద. అవే నాలుగు క్రోమోజోములు! కొలాజెన్లు చూడండి: కాల్1ఏ2 7 మీద, కాల్1ఏ1 17 మీద, కాల్2ఏ1 12 మీద, కాల్3ఏ1 2 మీద. ఇంకో సంకేత కుటుంబం వింట్‌ చూడండి: వింట్1, వింట్10బీ 12 మీద పక్కపక్కన, వింట్6, వింట్10ఏ 2 మీద పక్కపక్కన, వింట్3, వింట్9బీ 17 మీద పక్కపక్కన. ఒక్క కుటుంబం ఇలా ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని కుటుంబాలు అవే నాలుగు క్రోమోజోముల్ని ఎంచుకున్నాయంటే, ఒకప్పుడు ఇవన్నీ ఒకే క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగుగా ఉండేవని, ఆ క్రోమోజోమ్ మొత్తం రెండై, మళ్లీ నాలుగైందని నేను నమ్ముతాను.

జీనోమ్ మొత్తం రెట్టింపు అవడమే వెన్నెముక ఉన్న జీవుల పుట్టుకకి దారితీసిందని 1970లో సుసుము ఓనో ప్రతిపాదించారు. సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట ఇలా రెండుసార్లు జరిగిందన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే మాట. పండు ఈగలో ఈజీఎఫ్ఆర్ ఒక్కటే ఉంది, మనలో నాలుగున్నాయి. పైగా ఆ నాలుగింట్లో ఈజీఎఫ్ఆర్, ఈఆర్‌బీబీ2 ఒకదానికొకటి ఎక్కువ దగ్గర, ఈఆర్‌బీబీ3, ఈఆర్‌బీబీ4 ఒకదానికొకటి ఎక్కువ దగ్గర. ఒకటి రెండై, ఆ రెండు నాలుగైతే ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆ తర్వాత కోట్ల ఏళ్లలో క్రోమోజోములు విరిగి అతుక్కోవడం వల్ల ఇరుగుపొరుగు కాస్త దూరమయ్యాయి. 7 మీద హాక్స్-ఏకీ ఈజీఎఫ్ఆర్‌కీ మధ్య ఇప్పుడు చాలా దూరం ఉంది, కొలాజెన్ అయితే సెంట్రోమియర్ దాటి అవతలి చేతిలో ఉంది.

ఇక "ఇప్పుడు అవసరమా" అన్న ప్రశ్న. మన జిల్లాల్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వస్తే బయాప్సీ హెర్2 పరీక్షకి వెళ్తుంది. ప్రొటీన్ రంగు పరీక్షలో సందేహంగా, 2+ అని వస్తే ఫిష్ చేస్తారు. దాంట్లో ఒక రంగు ఈఆర్‌బీబీ2కి, ఇంకో రంగు 17వ క్రోమోజోమ్ సెంట్రోమియర్‌కి. మొదటి చుక్కలు రెండోవాటికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ ఉంటే, పైగా ఒక్కో కణంలో మొదటివి సగటున 4కి తగ్గకపోతే, జన్యువు కాపీలు పెరిగాయని అర్థం. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన ట్రాస్టుజుమాబ్ లాంటి మందు ఇవ్వాలా వద్దా అన్నది దాన్నిబట్టే. ఆ రిపోర్టు కోసం ఇంట్లో వాళ్లు ఎంత టెన్షన్ పడతారో నేను చూశాను. ఈఆర్‌బీబీ2 17 మీదే ఉందని, దాని దాయాది 7 మీద ఉన్నది కాదని 1985లో తేల్చకపోతే ఆ రెండో రంగు ఎక్కడ వేయాలో తెలిసేది కాదు.

ఇంకో ఉదాహరణ, ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్ల కుటుంబం. 1 నుంచి 4 వరకు వరసగా 8, 10, 4, 5 క్రోమోజోముల మీద ఉన్నాయి. మూడోది, ఎఫ్‌జీఎఫ్ఆర్3, 1991లో హంటింగ్టన్ జబ్బు జన్యువు కోసం 4వ క్రోమోజోమ్ పొట్టి చేతి కొసన వెతుకుతుంటే దొరికింది. 1994 మొదట్లో అకాండ్రోప్లేజియా, అంటే కాళ్లూ చేతులూ పొట్టిగా పెరిగే స్థితి, అదే కొసతో ముడిపడి ఉందని కుటుంబాల పరిశీలనలో తేలింది. అక్కడ ఎఫ్‌జీఎఫ్ఆర్3 ఉందని అప్పటికే తెలుసు కాబట్టి, కొన్ని నెలల్లోనే తేడా ఏమిటో కూడా దొరికింది. దాదాపు అందరిలోనూ ఒకటే మార్పు, 380వ స్థానంలో గ్లైసీన్ బదులు ఆర్జినీన్. మన వైపు తల్లిదండ్రులు మొదట అడిగేది "మేనరికం చేసుకున్నందుకా?" అని. కాదు. ఇది ఒక్క కాపీ మారినా వచ్చే స్థితి, సుమారు 80 శాతం మందిలో అమ్మానాన్నలిద్దరూ మామూలుగానే ఉంటారు, మార్పు కొత్తగా, దాదాపు ఎప్పుడూ తండ్రి శుక్రకణంలో వస్తుంది. తల్లిని నిందించే ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి. 2021లో ఆ సంకేతాన్ని తగ్గించే వోసోరిటైడ్ అనే మందు కూడా వచ్చింది.

ఈ కుటుంబంలోనే ఇంకో వింత: ఎఫ్‌జీఎఫ్ఆర్1లో 252వ ప్రోలీన్, ఎఫ్‌జీఎఫ్ఆర్2లో 253వది, ఎఫ్‌జీఎఫ్ఆర్3లో 250వది, మూడూ ప్రొటీన్‌లో ఒకే చోటికి సమానం. మూడింట్లోనూ అది ఆర్జినీన్‌గా మారితే పుర్రె ఎముకలు తొందరగా అతుక్కుపోయే జబ్బులే వస్తాయి: ఫైఫర్, ఏపర్ట్, మ్యూంకె. లక్షణాల్లో పోలికలు చాలా, క్రోమోజోములు మాత్రం మూడు. దాయాదుల్ని కలిపి చదవకపోతే ఇది ఎవరికీ కనిపించేది కాదు.

డేటాబేస్ సెకనులో చెప్తుంది, నిజమే. కానీ మీరు రేపు ప్రైమర్లు (పీసీఆర్‌లో కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) డిజైన్ చేసినా, సీక్వెన్సింగ్ రీడ్లు (యంత్రం చదివిన చిన్న ముక్కలు) జీనోమ్ మీద సర్దినా, అదే పాత ప్రశ్న ఎదురవుతుంది: ఈ ముక్క ఈ జన్యువుదేనా, దాయాదిదా, నకలుదా? 150 అక్షరాల రీడ్ రెండుచోట్ల సమానంగా సరిపోతే సాఫ్ట్‌వేర్ దానికి మ్యాపింగ్ క్వాలిటీ, అంటే చోటు మీద నమ్మకం మార్కు, సున్నా ఇస్తుంది. ఆ సున్నాని పట్టించుకోకుండా పాథోజెనిక్ (జబ్బు తెచ్చే మార్పు) అని రాసేసిన రిపోర్టులు నా దగ్గరికి వచ్చాయి. అందుకే ఒకప్పుడు జన్యువు చివరి భాగంనుంచే ప్రోబ్ ఎందుకు తీశారో తెలిసినవాళ్లు ఇప్పుడు ప్రైమర్ ఎక్కడ పెట్టాలో తప్పు చేయరు.

సెమినార్‌కి ఒక్క బొమ్మ గీయండి. 7, 17, 12, 2 నాలుగూ నిలువుగా, ఒక్కోదాని మీద హాక్స్, కొలాజెన్, ఈఆర్‌బీబీ, వింట్ నాలుగు రంగుల్లో. 7 మీద వింట్2 పెట్టడం మర్చిపోకండి. చోట్లు ఎన్సెంబుల్ అనే జీనోమ్ డేటాబేస్‌లో చూసుకుని మీ చేత్తో గుర్తుపెట్టండి. అందులో పారలాగ్స్ అన్న భాగం తెరిస్తే దాయాదుల చెట్టు కూడా వస్తుంది. పట్టీ నంబర్లు పాత పేపర్లలో కాస్త తేడాగా ఉంటాయి, ఈఆర్‌బీబీ2ని అప్పట్లో 17 పొడుగు చేతి 21 అన్నారు, ఇప్పుడు 12 అంటున్నారు. ఎవరైనా అడిగితే, మైక్రోస్కోపు కింద చూసిన హద్దుకీ సీక్వెన్స్‌లో కొలిచిన హద్దుకీ ఉన్న తేడా అని చెప్పండి.